రాగిరేకు చెప్పిన తుపాకి కథ

బెంగుళూరు నుండి హైదరాబాదు పోయే పెద్దరోడ్డు మీద ప్రయాణం చేయని తెలుగు కుటుంబం మనలో అరుదు. దేవనహళ్ళి దాటగానే ఎడమచేతివైపు నంది కొండ కనిపిస్తుంది. ఆ తరువాత చిక్కబళ్ళాపురం, పేరేసంద్ర, బాగేపల్లి. ఈ దారి పొడుగునా, ఇటు తూర్పున చింతామణి దాకా, నేల చదునుగా ఉన్నట్టే ఉండి ఉన్నట్టుండి ఒక పెద్ద రాతిగుండు లేచి నిలబడుతుంది. అటువంటి గుండ్లలో చాలావాటి నెత్తిన ఒక పాత గోడ, ఒక బురుజు, ఒక ఎండిన దొన. నంది, గుడిబండ, గుమ్మనాయకనపాళ్యం, అంబాజీదుర్గం, రహమాన్‌గఢ్ అని వాటి పేర్లు. ఈ గోడలు ఎవరు కట్టారయ్యా అని ఊరివాళ్ళను అడిగితే పాళెగాండ్రని ఒకరు, టిప్పు అని ఒకరు, పాండవులని మరొకరు చెబుతారు. కట్టినది ఎవరైనా, అంత మందంగా కట్టించినది మాత్రం తుపాకి, దాని అన్న ఫిరంగి. బాణాలకూ ఈటెలకూ జడిసి ఎవరూ పది అడుగుల మందాన రాతిగోడ పెట్టరు.

మరి ఆ తుపాకుల బొమ్మలు మనకు ఎక్కడ దొరుకుతాయి? మన గుళ్ళ గోడలమీద దేవతలున్నారు, ఏనుగులున్నవి, తుపాకులు తక్కువ. మన కైఫీయతులలో ముట్టడుల మాట ఉన్నది గాని బొమ్మ లేదు. ఆ కాలపు మైసూరు సీమ కొండలనూ, కోటలనూ, సిపాయిలనూ, వారి చేతిలోని ఆయుధాలనూ చూపే చిత్రాలు చాలావరకు ఇంగ్లీషువారు లండనులో రాగిరేకులమీద చెక్కించి అచ్చువేసినవే. ఇప్పుడు పాత పుస్తకాల అంగళ్ళలో, వేలంపాటలలో అవి విడివిడిగా అమ్ముడుపోతున్నవి. మనవారిలో స్థితిమంతులు కొందరు వాటిని కొని చట్రం కట్టించి హాలులో తగిలిస్తున్నారు కూడా. తగిలించడం మంచిదే. కాని ఆ బొమ్మను ఎలా చదవాలో తెలియకపోతే అది గోడమీది కాలండరుతో సమానం. ఈ వ్యాసంలో ఆ చదువు సంగతి కొంత ముచ్చటిస్తాను.

మొదట బొమ్మ తయారయ్యే విధం చెప్పాలి. చిత్రకారుడు సైన్యంతోపాటు నడిచి, గుడారం ముందు కూర్చుని, కాగితంమీద సీసపుకడ్డీతోనో నీటిరంగులతోనో బొమ్మ వ్రాసుకుంటాడు. ఆ కాగితం ఓడలో ఆరునెలలు ప్రయాణం చేసి లండను చేరుతుంది. అక్కడ మరొక మనిషి, నునుపుగా మెరుగుపెట్టిన రాగిరేకు ముందర పెట్టుకుని, మొనదేలిన ఉక్కు ఉలితో ఆ బొమ్మను గీత గీతగా చెక్కుతాడు. అచ్చుపడేటప్పుడు కుడి ఎడమవుతుంది కనుక, అతడు అద్దంలో చూచినట్టు తిరగవేసి చెక్కాలి. చెక్కిన గాళ్ళలోకి చిక్కటి సిరా ఎక్కించి, పైన ఉన్న సిరాను తుడిచివేసి, తడి కాగితం పరచి, చెరకు గానుగను తలపించే రోళ్ళ యంత్రంలో గట్టిగా నొక్కుతారు. గాళ్ళలో ఉన్న సిరా కాగితానికి అంటుకుంటుంది. రేకు అంచు కాగితంమీద చతురస్రంగా నొక్కుకుని చిన్న పల్లం ఏర్పడుతుంది. ఆ పల్లమే అసలు అచ్చుకు మొదటి ఆనవాలు. ఇంకొక పద్ధతి కూడా ఉన్నది. రేకుమీద జిగురు పొడి చల్లి, ఆమ్లంలో ముంచి, గీతలు కాక నీడలు పుట్టిస్తారు. దీనిని అక్వాటింట్ అంటారు. మబ్బులూ, కొండల మసకా ఈ పద్ధతిలో బాగా వస్తవి.

ఇందులో మనం మరచిపోకూడని విషయం ఒకటి. ఉలి పట్టినవాడు మన దేశం చూచినవాడు కాదు. చిత్రకారుడు తాటిచెట్టని గీసినది చెక్కేవాని చేతిలో గొడుగుగా మారవచ్చు. రాగి సంకటి తిని ఎండలో నడిచిన మన కూలివాని కాళ్ళు, రోములోని పాలరాతి విగ్రహపు కాళ్ళలాగా కండలు తిరిగి కనిపించవచ్చు. కాని తుపాకిని మాత్రం ఆ లండను మనిషి ఎరుగును. అది తన ఊరి సరుకే. అందుచేత ఈ బొమ్మలలో మనుషులు, చెట్లు అనుమానాస్పదం, తుపాకులు నమ్మదగినవి. మొదటిసారి చూచేవారికి ఇది తలక్రిందుల న్యాయంగా తోచవచ్చు.

మైసూరు సీమను ఇట్లా రేకులకెక్కించినవారిలో నలుగురిని చెప్పుకోవాలి. మొదటివాడు రాబర్ట్ హోమ్. ఇంగ్లండులోని హల్ పట్టణంలో 1752లో పుట్టి, 1791లో మద్రాసు చేరి, ఆ ఏడే కారన్‌వాలిస్ దొర దండుతో టిప్పు సుల్తానుమీది యుద్ధానికి బయలుదేరాడు. తాను గీసిన మైసూరు దృశ్యాలు 1794లో లండనులో పుస్తకంగా వచ్చినవి. తరువాత లక్నో దర్బారులో ఆస్థాన చిత్రకారుడై, 1834లో కాన్పూరులో చనిపోయాడు. రెండవవాడు రాబర్ట్ కోల్‌బ్రూక్. ఇతడు సర్వే ఉద్యోగి, తరువాత బెంగాలుకు సర్వేయర్ జనరల్ అయినాడు. పన్నెండు దృశ్యాల పుస్తకం వేశాడు. మూడవవాడు అలెగ్జాండర్ అలన్ అనే కాప్టెను. నాలుగవవాడు జేమ్స్ హంటర్. ఫిరంగిదళంలో లెఫ్టినెంటు. పాపం, 1792లోనే చనిపోయాడు. అతని బొమ్మలు 1804, 1805 సంవత్సరాలలో ఎడ్వర్డ్ ఆర్మ్ అనే ప్రచురణకర్త అచ్చువేశాడు. నలుగురిలో ముగ్గురు సైన్యంలో ఉద్యోగులు. కొండను చూచినప్పుడు వారికి అందంతోపాటు, ఫిరంగి ఎక్కడ పెట్టాలి, నిచ్చెన ఎక్కడ వేయాలి అనే లెక్కకూడా తోచి ఉంటుంది. ఆ లెక్క బొమ్మలో కనిపిస్తుంది. కొండ కొలతకు తగ్గట్టు నిలువునా వస్తుంది. దాని అడుగున మనుషులు చీమల వరుస.

ఇప్పుడు ఆ చీమల వరుస సంగతి.

చిక్కబళ్ళాపురం సంస్థానం ఆవతి నుండి వచ్చిన గౌడ పాళెగాండ్రది. 1762లో హైదరు దానిని ముట్టడించి పుచ్చుకున్నాడు. గుత్తి మురారిరావు సహాయానికి వచ్చినా లాభం లేకపోయింది. ఆ తరువాత నంది కొండమీద పాత కోటను హైదరు, టిప్పు రాతితో గట్టిచేశారు. సుమారు 4,850 అడుగుల ఎత్తు. మూడు వైపుల నిట్టనిలువు రాయి. పడమటి వైపు మాత్రమే ఎక్కడానికి వీలు, అక్కడ రెండు వరుసల గోడలు.

1791 మార్చి 21న బెంగుళూరు కోట కుంపిణీవారి వశమయింది. మే నెలలో కారన్‌వాలిస్ శ్రీరంగపట్టణం దాకా పోయి, తిండిలేక, రోగాలతో, వెంట తెచ్చిన పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టించి తిరిగి బెంగుళూరు చేరాడు. ఉత్తరాన నిజాము సైన్యం ఉన్నది. దానికీ బెంగుళూరుకూ నడుమ మన కొండలు అడ్డం. అందుకని మేజర్ గౌడీ అనే అధికారిని సెప్టెంబరులో ఈశాన్యంగా పంపారు. చింతామణి దాపున ఉన్న రహమాన్‌గఢ్ ఫిరంగి దెబ్బలకు త్వరగానే లొంగింది. నంది లొంగలేదు. అదే కాలంలో నిజాము దండు మన మదనపల్లె దగ్గరి గుర్రంకొండను చుట్టుకుని కూర్చున్నది. అంటే ఆ శరదృతువులో చింతామణి నుండి గుర్రంకొండ వరకు తెలుగు మాట్లాడే పల్లెలన్నింటికీ తెల్లవారి లేస్తే ఫిరంగి చప్పుడే.

నంది ముట్టడి సుమారు మూడు వారాలు సాగింది. ముట్టడి ఫిరంగి అంటే బండికి కట్టి తోలుకుపోయే సామాను కాదు. పోత ఇనుముది ఒక్కొక్కటి కొన్ని టన్నుల బరువు. దానిని కొండవాలుమీదికి ఎక్కించాలంటే ముందు బండలు పగులగొట్టి దారి వేయాలి, ఆపైన ఏనుగులను కట్టి లాగించాలి, వెనుకనుండి మనుషులు తోయాలి. చక్రం ఒక్క అడుగు వెనక్కు జారితే ఎంతమంది నలిగిపోతారో ఊహించుకోవచ్చు. అట్లా రోజుల తరబడి లాగి, గోడకు ఎదురుగా ఫిరంగుల మెట్ట కట్టి, ఒకే చోట పదే పదే కొట్టి రెండు గండ్లు చేశారు. అక్టోబరు 18వ తేదీ రాత్రి, చంద్రుడు పైకి వచ్చేదాకా కాచుకుని, జనరల్ మెడోస్ ఆధ్వర్యంలో దండు గండ్లమీదికి ఉరికింది. పైనున్నవారు తుపాకులు కాల్చారు, బాణాలు వదిలారు. అయితే దండుకు ఎక్కువ నష్టం చేసినవి గుండ్లు కావు, పైనుండి దొర్లించిన బండరాళ్ళు. ఎన్ని యంత్రాలు వచ్చినా కొండమీద కూర్చున్నవానికి రాయికి మించిన ఆయుధం లేదు కాబోలు. తెల్లవారేసరికి నంది పడిపోయింది.

ఇందులో మన తెలుగువారెక్కడ? ఇదే నేను ముఖ్యంగా మనవి చేయదలచిన విషయం. రెండు వైపులా మనవారే. మైసూరు సర్కారులో కందాచారమని ఒక ఏర్పాటు ఉండేది. పల్లెల్లోని బంట్లు మామూలు రోజుల్లో సేద్యం చేసుకుంటూ, పిలుపు వచ్చినప్పుడు కత్తి, జామగి తుపాకి పట్టుకుని కోట కాపలాకు పోయేవారు. నంది, రహమాన్‌గఢ్ చుట్టుపట్ల పల్లెలలో ఈనాటికీ తెలుగు ఇంటి భాష. ఆ కోటల బంట్లలో మన మాట మాట్లాడేవారు ఉండకపోరు. ఇక అవతలివైపు మద్రాసు సైన్యం. దాని సిపాయిలలో తెలుగువారు ఎంతగా ఉండేవారంటే, 1757 ప్రాంతంలో క్లైవు తనవెంట బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిల కారణంగా అక్కడివారు సిపాయి అన్నవానినల్లా ‘తిలంగా’ అని పిలవడం మొదలుపెట్టారు. అతడు బీహారువాడైనా సరే తిలంగాయే! మన జాతి పేరు ఉత్తరదేశంలో ఒక ఉద్యోగపు పేరయిపోయింది. ఆ తిలంగాల చేతిలో లండను ముద్ర ఉన్న చకుముకి తుపాకి. ఎదుట గోడమీద బంటు చేతిలో జామగి తుపాకి. పేల్చమని తురకభాషలోనో ఇంగ్లీషులోనో కేక. దెబ్బతగిలినప్పుడు మాత్రం ఇద్దరి నోటా ‘అమ్మా’ అనే మాటే వచ్చి ఉంటుంది.

దండుకు తిండిగింజలు మోసినవారు లంబాడీలు. వారి ఎద్దుల బిడారులు లేకుంటే కారన్‌వాలిస్ రెండవసారి శ్రీరంగపట్టణం చూచేవాడే కాదు. ఇంగ్లీషు చిత్రాలలో ఎద్దులకు చోటు దొరికింది. తోలేవానికి మాత్రం పేరు లేదు. కింద ముద్రించిన అక్షరాలు చూడండి: చిత్రకారుని పేరు ఎడమన, చెక్కినవాని పేరు కుడిన, ప్రచురించినవాని అంగడి చిరునామా, తేదీ. దొర చనిపోతే అతని పేరు బొమ్మకు మకుటమే అవుతుంది. 1791 మార్చి 7న బెంగుళూరు పేట ద్వారం దగ్గర చనిపోయిన కర్నలు మూర్‌హౌస్ మరణాన్ని హోమ్ పెద్ద తైలచిత్రంగా వేశాడు. నంది కొండ వాలుమీద ఫిరంగి చక్రం కింద పడినవానికి ఆ భాగ్యం లేదు.

ఇక బాణం కథ. ఇది కొంచెం నిలిచి చెప్పుకోవలసినది.

మన తెలుగులో బాణం అంటే వింటితో వేసేదే కాదు, మందు కూరి అంటించి వదిలేది కూడా. బాణసంచా అన్న మాట అందుకే పుట్టింది. హైదరు, టిప్పుల సైన్యంలోని బాణాన్ని ఇంగ్లీషువారు రాకెట్ అన్నారు. జానెడు, జానెడున్నర ఇనుప గొట్టం. ఒక కొస మూసి, రెండవ కొసన చిన్న రంధ్రం. లోపల సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి దట్టించిన మందు. గొట్టాన్ని తోలుపట్టీలతో పొడుగాటి వెదురుకర్రకు గాని, కత్తి అలుగుకు గాని గట్టిగా కట్టేవారు. అంటించగానే మంట వెనుకకు తన్ని గొట్టం ముందుకు దూకుతుంది. వెదురు తోకలాగా దానిని దారిలో పెడుతుంది. ఐరోపాలో అప్పటికి రాకెట్లు లేకపోలేదు గాని వాటి ఒళ్ళు అట్టది. అట్ట గొట్టంలో మందు ఎక్కువ దట్టిస్తే చేతిలోనే పగులుతుంది. ఇనుప గొట్టం ఆ ఒత్తిడి తట్టుకుంటుంది, అందుచేత వెయ్యి గజాల దూరం పోతుంది. గొప్పతనమంతా గొట్టంలో ఉన్నది, అంటే గొట్టం చేసిన కమ్మరిలో ఉన్నది. బెంగుళూరులో ఈ పని జరిగిన చోటుకు తారామండలపేట అని పేరు. తారాజువ్వల పేట అన్నమాట. ఎంత అందమైన పేరో!

హోమ్ ఈ బాణందారును ఒకనిని బొమ్మ గీశాడు. మైసూరు సిపాయి ఒకడు తన బాణపు వెదురుకర్రను నిలబెట్టి, దానినే జెండాకర్రగా పట్టుకున్నాడు. యుద్ధంలో ప్రాణాంతకమైన ఆయుధం, నిలబడి ఉన్నప్పుడు పతాకం. ఈ బొమ్మ నకళ్ళు ఈనాడు అనేక పుస్తకాలలో దొరుకుతున్నవి. నా లెక్కలో మైసూరు యుద్ధాల చిత్రాలన్నింటిలోనూ మన మనిషి చీమగా కాక మనిషిగా కనిపించే కొద్ది బొమ్మలలో ఇది ఒకటి.

1799 మే 4న శ్రీరంగపట్టణం పడిపోయింది. అక్కడ దొరికిన బాణాలలో కొన్నింటిని ఇంగ్లండుకు పంపారు. విలియం కాన్‌గ్రీవ్ అనే ఆయన 1804లో వూల్విచ్ ఆయుధశాల దగ్గర రాకెట్లమీద పని మొదలుపెట్టాడు. హిందూదేశంలో ఈ ఆయుధం ఉన్నదని తెలుసుననీ, అది చిన్నదనీ, వెయ్యి గజాలకు మించి పోదనీ ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన చేసిన ముప్పైరెండు పౌన్ల రాకెట్టు మూడువేల గజాలు పోయేది. దాని కర్ర పదిహేను అడుగులు. 1806లో ఫ్రాన్సులోని బూలోన్ రేవుమీద, 1807లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ మీద, 1813లో లైప్జిగ్ యుద్ధంలో వాటిని వాడారు. 1814లో అమెరికాలోని మెక్‌హెన్రీ కోటమీద వదిలిన రాకెట్ల ఎర్రటి వెలుగు ఆ దేశపు జాతీయగీతంలోనే చేరిపోయింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు బడిలో ఆ గీతం పాడేటప్పుడు తారామండలపేట కమ్మరిని తలచుకోవడానికి న్యాయమైన హక్కు ఉన్నవారే.

1814లో కాన్‌గ్రీవ్ తన రాకెట్ పద్ధతిని వివరిస్తూ రంగుల రేకులతో ఒక పుస్తకం ప్రకటించాడు. పందొమ్మిదవ శతాబ్దపు ఆయుధాల ముద్రిత చిత్రాలలో అది పేరుపొందినది. గుర్రపు రౌతులు రాకెట్లు ఎలా మోయాలి, బండ్లనుండి ఎలా వదలాలి, పడవలనుండి ఎలా వదలాలి, ప్రతి రాకెట్టు పొడుగెంత, తలకాయ ఆకారమేమిటి, అన్నీ బొమ్మలే. హోమ్ గీసిన బాణందారునూ ఈ రేకులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇరవై ఏళ్ళలో ఏమి జరిగిందో అర్థమవుతుంది. మొదటిదానిలో మనిషి ఉన్నాడు, ఆయుధం అతని చేతిలో ఉన్నది. రెండవదానిలో ఆయుధం కొలతలతో సహా ఉన్నది, మనుషులు దానిని వాడే విధం చూపడానికి నిలబెట్టిన బొమ్మలు. 1816లో బెంగాలు సైన్యంలో రాకెట్ దళం ఏర్పడింది. మనదేశం నుండి పోయినది మనదేశం మీదికే తిరిగివచ్చింది.

ఈ కథను లెక్కలతో నిగ్గుదేల్చినవాడు మన పక్కింటివాడేనని చెప్పుకోవడం నాకు సంతోషం. 1933లో బెంగుళూరులో పుట్టిన రొద్దం నరసింహగారు విమానశాస్త్రంలో ప్రపంచప్రసిద్ధులు. ఇంటిపేరు చెబుతున్న రొద్దం గ్రామం పెనుకొండ దాపున, బాగేపల్లినుండి ఎంతో దూరం లేదు. ఆయన 1985లో మైసూరు, బ్రిటను రాకెట్లను పోల్చి ఒక పరిశోధన వ్యాసం వ్రాశారు. 2020లో దివంగతులయ్యారు. అబ్దుల్ కలాంగారు 1963లో అమెరికాలోని వాలప్స్ ద్వీపపు రాకెట్ కేంద్రానికి శిక్షణకు పోయినప్పుడు, అక్కడి గోడమీద నల్లటి ఒళ్ళు గల సైనికులు రాకెట్లు వదులుతున్న చిత్రం చూచి, దగ్గరకు పోయి చదివితే అది టిప్పు సైన్యమని తెలిసిందట. తన ఆత్మకథలో ఈ సంగతి వ్రాసుకున్నారు. గోడమీది బొమ్మ దగ్గరకు పోయి చదవడం అంటే నేను చెప్పేది అదే.

రాకెట్ సంగతి అట్లా ఉండగా చేతి తుపాకి మరొక దారిన పెరిగింది. జామగి తుపాకిలో కాలుతున్న వత్తి ఉండాలి, వాన వస్తే ఆరిపోతుంది, చీకట్లో ఎర్రగా కనబడి మనిషిని పట్టిస్తుంది. చకుముకి తుపాకిలో రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాలి, బయట గిన్నెలోని మందు భగ్గుమని, ఆ మంట లోపలికి పోవాలి. ఆ భగ్గుమనే వెలుగు చూచి పక్షులు ఎగిరిపోతున్నవని స్కాట్లండులో ఫోర్సైత్ అనే పాదిరీ విసుగుచెందాడు. దెబ్బ తగిలితే పేలే రసాయనపు మందును వాడి 1807లో కొత్త రకం లాకుకు పేటెంటు పుచ్చుకున్నాడు. దాని నుండే రాగి టోపీ పుట్టింది. చిటికెనవేలి గోరంత రాగి టోపీలో చిటికెడు మందు, సుత్తి పడితే పేలుతుంది. 1840 ప్రాంతానికి ఇంగ్లీషు సైన్యం దీనికి మారింది. 1853లో ఎన్‌ఫీల్డ్ తుపాకి వచ్చింది. దాని తూటాకు పూసిన కొవ్వు 1857లో ఏమి చేసిందో అందరికీ తెలిసినదే.

ఈ మార్పులకు తగ్గట్టు బొమ్మలు చెక్కేవారి పనీ మారింది. విల్సన్ లోరీ అనే నిపుణుడు యంత్రంతో సమానదూరాన గీతలు గీసే ఉపాయం కనిపెట్టి, రీస్ విజ్ఞానసర్వస్వానికి యంత్రాల రేకులు చెక్కాడు. వాటిలో నీడ కూడా కొలతకు లోబడి ఉంటుంది. తుపాకి లాకును విడదీసి, ప్రతి మరకూ, ప్రతి కమ్మీకీ ఒక అక్షరం పెట్టి చూపడం పద్ధతి అయింది. 1842 మే 14న లండనులో చిత్రవార్తాపత్రిక పుట్టింది. దానికి రాగిరేకు ఆలస్యం. గట్టి కర్రదిమ్మెలను ముక్కలుగా బిగించి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్కనికి ఇచ్చి రాత్రికి రాత్రి చెక్కించి, తిరిగి కలిపి అచ్చువేసేవారు. జాగ్రత్తగా చూస్తే ఆకాశం మధ్యలో అతుకు గీత కనబడుతుంది. 1851లో లండను మహాప్రదర్శనలో అమెరికావారు, ఒక తుపాకి భాగం మరొక తుపాకికి సరిపోయేటట్లు యంత్రాలతో చేసినవి చూపారు. ఇంగ్లీషువారు ఆ యంత్రాలు కొని ఎన్‌ఫీల్డ్ కార్ఖానాలో పెట్టారు. అప్పటినుండి తుపాకి కమ్మరి చేతిపని కాకుండా పోయింది.

మరి మన కమ్మరి బొమ్మ ఎక్కడా లేదా? ఉన్నది, యుద్ధచిత్రాలలో కాదు. ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు 1800లో కుంపిణీ ఆజ్ఞమీద మైసూరు సీమ అంతా తిరిగి, చూచినదల్లా వ్రాసుకుని 1807లో మూడు సంపుటాలు వేశాడు. ఆయన చిక్కబళ్ళాపురంలో దిగాడు, అక్కడి చక్కెరను గురించి వ్రాశాడు, అది వేరే కథ. మధుగిరి దగ్గరి చెన్నరాయదుర్గంలో ఇనుము కరిగించడం, ఉక్కు చేయడం వివరించాడు. కొలిమికి ఎంత బొగ్గు, తిత్తులు ఊదేవారెందరు, కూలి ఎంత, అన్నీ లెక్క. తుపాకి రేకులు కొనేవారు బుకానన్ పుస్తకం కూడా తెరచి చూడాలి. ఒకదానిలో లేనిది మరొకదానిలో ఉన్నది.

మన పాత తుపాకుల చిత్రాలు క్రమంగా దొరికే మరొక చోటు ఎగర్టన్ ప్రభువు 1880లో ప్రకటించిన భారతీయ ఆయుధాల పుస్తకం. లండనులోని ఇండియా మ్యూజియంలో పోగుచేసిన ఆయుధాల పట్టీ అది. జామగి తుపాకులు, కత్తులు, డాళ్ళు అన్నీ సంఖ్యలు వేసి చూపాడు. ఆ పుస్తకం వచ్చేనాటికి అవి మ్యూజియం వస్తువులు కావడానికి కారణం ఉన్నది. అంతకు రెండేళ్ళ ముందు, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే హిందూదేశస్థుడు తుపాకి ఉంచుకోరాదు. తుపాకి మన ఇంటి మూలనుండి పోయి పుస్తకంలో బొమ్మ అయిన సంవత్సరాలు అవి. నంది కొండ కూడా అప్పటికి యుద్ధభూమి కాదు, వేసవి విడిది. కమిషనరు కబ్బన్ దొర అక్కడ బంగళా కట్టించుకున్నాడు.

పాత అచ్చు కొనదలచినవారికి నాలుగు మాటలు. రేకు అంచు నొక్కుడు వేలితో తడిమి చూడండి. ఫోటో నకలుకు అది ఉండదు. కాకపోతే అంచులు కత్తిరించిన అసలు అచ్చుకూ ఉండకపోవచ్చు, కనుక భూతద్దంతోనూ చూడండి: నకలులో చుక్కలు, అసలులో గీతలు లేక ఇసుకవంటి గరుకు. రంగులు మరీ నిగనిగలాడుతుంటే అవి ఈమధ్య పూసినవేమోనని అనుమానించండి. అన్నిటికన్న ముఖ్యం, ఈ బొమ్మలు చాలావరకు పుస్తకాలు చించి అమ్మినవి. ఎదుటి పుటలో ఉండే వివరణ అమ్మేవాడు పారవేస్తాడు. ఆ వివరణలోనే ముట్టడి తేదీ, దండు వివరం ఉంటవి. పుస్తకాలు మాత్రం లండను బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి, కొన్నింటి ప్రతులు ఇంటర్నెట్టులో ఉచితంగా చూడవచ్చు. బొమ్మ చట్రం వెనుక ఆ వివరణను తెలుగులో వ్రాసి అతికిస్తే, రేపు మన మనుమలు గోడమీదినుండి దింపినప్పుడు పనికివస్తుంది.

బొమ్మ కాక వస్తువే చూడాలనుకునేవారికి కూడా దారి ఉన్నది. మైసూరు బాణాలు రెండు చాలాకాలం వూల్విచ్ ఫిరంగిదళ మ్యూజియంలో ఉండేవి. ఆ మ్యూజియం 2016లో మూతబడింది. ఆ తరువాత 2018 జూలైలో, శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబడిన బావి తవ్వుతుంటే బురదలో మందువాసన వచ్చింది. తీయగా తీయగా వెయ్యికి పైగా తుప్పుపట్టిన ఇనుప గొట్టాలు, చాలావాటిలో మందు ఇంకా కూరి ఉన్నది. వాటిని శివమొగ్గ మ్యూజియానికి చేర్చారు. చిక్కబళ్ళాపురంనుండి ఉదయం బయలుదేరితే మధ్యాహ్నం భోజనంవేళకు అక్కడ ఉండవచ్చు.